అడ్మిన్ పాస్‌వర్డ్ పోయిందా? ఫార్మాట్ కొట్టించే ముందు ఇవి చేయండి

“పాస్‌వర్డ్ యాదికొస్తలేదు. షాపుకు తీస్కపోతే ఫార్మాట్ కొట్టాలె అంటున్నరు. పిల్ల సర్టిఫికెట్లు, ఫోటోలు అన్నీ అందులనే ఉన్నయి. ఏం చేయాలె?”

హన్మకొండ నుంచి వచ్చినా, జమ్మికుంట నుంచి వచ్చినా, పరకాల నుంచి వచ్చినా ప్రశ్న ఇదే. ఇంకొందరిది వేరే బాధ. లోపలికి వెళ్తారు గానీ ఏ సాఫ్ట్‌వేర్ ఎక్కించబోయినా అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అడుగుతుంది, ‘యెస్’ బటన్ నొక్కుడు పడదు. ఈ రెండింటికీ ఫార్మాట్ మొదటి మందు కాదు. చాలా ఇళ్లలో ఫార్మాట్ దాకా పోకుండానే పని అవుతుంది. తప్పనిసరైతే కూడా ముందు ఫైళ్లు బయటికి తీసుకోవచ్చు. తీయలేని సందర్భం ఒకటుంది, అదేమిటో కింద ఉంది.

ఇక్కడ రాసినవన్నీ విండోస్ 10, విండోస్ 11 ఉన్న సొంత కంప్యూటర్ల కోసం. ఆఫీసు ఇచ్చిన ల్యాప్‌టాప్, కాలేజీ ఇచ్చిన ల్యాప్‌టాప్ అయితే ఇగ ముందుకు చదవకండి, వాళ్ల ఐటీ విభాగానికే ఇవ్వండి. అందులో అడ్మిన్ అధికారం, అంటే సాఫ్ట్‌వేర్లు ఎక్కించే, అమరికలు మార్చే అధికారం, మీది కాదు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఛార్జర్. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్. రీసెట్ నడుమ కరెంటు పోతే విండోస్ సగంలో ఆగి అసలుకే తెరుచుకోకపోవచ్చు.
- ఇంటర్నెట్ ఉన్న ఇంకో ఫోన్ లేదా కంప్యూటర్.
- ఆ కంప్యూటర్ కొన్నప్పుడు ఇచ్చిన ఈమెయిల్, ఫోన్ నంబర్ ఏవో గుర్తు తెచ్చుకుని కాగితం మీద రాసుకోండి.
- కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి. అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి కాబట్టి ఖాళీది తీసుకోండి.
- ఫైళ్లు కాపీ చేయడానికి ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్.
- కొన్న బిల్లు. బయాస్ పాస్‌వర్డ్ (విండోస్ రాకముందే నల్ల తెర మీద అడిగేది) విషయంలో ఇది లేకుండా సర్వీస్ సెంటర్ వాళ్లు చేయి పెట్టరు.

అసలు పాస్‌వర్డ్ తప్పేనా?

ఇది చూడకుండా ఏదీ మొదలుపెట్టకండి. పాస్‌వర్డ్ సరైనదే అయినా కీబోర్డ్ వేరే అక్షరాలు పంపడం మన దగ్గర చాలా మామూలు, ఎందుకంటే తెలుగు కీబోర్డ్ పెట్టుకున్న కంప్యూటర్లు ఎక్కువ.

1. లాగిన్ స్క్రీన్‌లో కింద కుడి మూలన భాష గుర్తు చూడండి. అక్కడ తెలుగు ఉంటే విండోస్ కీ పట్టుకుని స్పేస్ నొక్కి ఇంగ్లిష్‌కు మార్చండి. ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డ్ లేఅవుట్ ఆన్‌లో ఉంటే మీరు కొట్టేది పాస్‌వర్డ్ పెట్టెలో తెలుగు అక్షరాలుగా పడుతుంది, పైకి మాత్రం అవే చుక్కలు.
2. ఇంగ్లిష్‌లోనే అమెరికా, బ్రిటన్ లేఅవుట్లు వేరు. బ్రిటన్ లేఅవుట్‌లో ‘ఎట్’ గుర్తు, జంట కొటేషన్ గుర్తు స్థానాలు మారిపోతాయి. పాస్‌వర్డ్‌లో ‘ఎట్’ గుర్తు ఉన్నవాళ్లు దీన్ని తప్పక చూడాలి.
3. పాస్‌వర్డ్ పెట్టె చివర కన్ను గుర్తు నొక్కి పట్టుకోండి. కొట్టిన అక్షరాలు కనిపిస్తాయి.
4. క్యాప్స్ లాక్, నమ్ లాక్ చూడండి. పాత కీబోర్డ్‌లో ఒకటి రెండు మీటలు చచ్చిపోయి ఉండవచ్చు. కింద మూలనున్న యాక్సెసిబిలిటీ గుర్తు నొక్కి ఆన్-స్క్రీన్ కీబోర్డ్ తెచ్చి మౌస్‌తో కొట్టి చూడండి.

పదే పదే కొట్టి చూడకండి. విండోస్ 11లో 22హెచ్2 వెర్షన్ నుంచి కొత్తగా ఎక్కించిన కంప్యూటర్లలో 10 నిమిషాల్లో 10 తప్పు ప్రయత్నాలు జరిగితే ఖాతా 10 నిమిషాలు లాక్ అవుతుంది. అది తెలియక ‘ఇప్పుడు సరైనది కొట్టినా తీసుకోవట్లేదు’ అని కంగారు పడతారు. జర ఆగి, చాయ్ తాగి వచ్చి మళ్లీ కొట్టండి. పిన్ నాలుగుసార్లు తప్పితే స్క్రీన్ మీద ‘ఏ1బీ2సీ3’ అనే ఆరు అక్షరాలు కొట్టమంటుంది. అది వైరస్ కాదు. మీటలు సరిగా పనిచేస్తున్నాయా అని విండోస్ చేసే పరీక్ష. ఇంగ్లిష్‌లో ఆ ఆరూ కొడితే మళ్లీ పిన్ అడుగుతుంది.

మీది ఏ ఖాతా?

లాగిన్ స్క్రీన్‌లో పేరు కింద ఈమెయిల్ కనిపిస్తే అది మైక్రోసాఫ్ట్ ఖాతా. కొన్నిచోట్ల ఈమెయిల్ కనిపించదు గానీ ‘ఐ ఫర్‌గాట్ మై పిన్’ అనే లింకు నొక్కితే ఈమెయిల్ చూపిస్తుంది. పేరు ఒక్కటే ఉండి, తప్పు పాస్‌వర్డ్ కొట్టాక ‘రీసెట్ పాస్‌వర్డ్’ అని వస్తే అది లోకల్ ఖాతా, అంటే ఆ కంప్యూటర్‌లో మాత్రమే ఉండే ఖాతా.

ఈ తేడా పట్టుకోకుండా పని మొదలుపెట్టడమే అందరూ చేసే తప్పు. లోకల్ ఖాతాకు మైక్రోసాఫ్ట్ సైట్‌లో పాస్‌వర్డ్ మార్చడానికి గంటలు గడుపుతారు, అక్కడ ఆ ఖాతా ఉండనే ఉండదు.

ఇంకో మాట. పిన్ వేరు, పాస్‌వర్డ్ వేరు. పిన్ ఆ ఒక్క కంప్యూటర్‌కే పరిమితం. పిన్ మరిచిపోతే పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్లవచ్చు. పాస్‌వర్డ్ పెట్టె కోసం ‘సైన్-ఇన్ ఆప్షన్స్’ నొక్కి తాళంచెవి గుర్తు ఎంచుకోండి.

మైక్రోసాఫ్ట్ ఖాతా అయితే

1. ఫోన్ బ్రౌజర్‌లో అకౌంట్ డాట్ లైవ్ డాట్ కామ్ స్లాష్ పాస్‌వర్డ్ స్లాష్ రీసెట్ అనే చిరునామా ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి తెరవండి. గూగుల్‌లో వెతికి పైన వచ్చే ప్రకటనలు నొక్కకండి.
2. ఈమెయిల్ ఇచ్చి, కోడ్ ఏ నంబర్‌కు పంపాలో ఎంచుకోండి. నంబర్ చివరి అంకెలు చూపిస్తుంది. మీ కాగితం మీద రాసుకున్న నంబర్లతో సరిపోల్చండి.
3. కోడ్ వచ్చాక కొత్త పాస్‌వర్డ్ పెట్టండి. పాతదే మళ్లీ పెడితే ఒప్పుకోదు.
4. ఇప్పుడు కంప్యూటర్‌ను ఇంటర్నెట్‌కు కలపండి. లాగిన్ స్క్రీన్‌లో కింద కుడి మూలన నెట్‌వర్క్ గుర్తు ఉంటుంది. వైఫై లేకపోతే ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి, ఫోన్‌లో యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్‌ను కంప్యూటర్‌కు ఇచ్చేది) ఆన్ చేయండి.
5. కొత్త పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్లండి.

ఎక్కువమంది పడిపోయేది నాలుగో మెట్టు దగ్గర. పాస్‌వర్డ్ మారింది ఆన్‌లైన్‌లో. ఆ సంగతి మీ కంప్యూటర్‌కు తెలియాలంటే నెట్ ఉండాలి. నెట్ లేకుండా కొట్టినంతసేపు అది పాత పాస్‌వర్డ్‌నే అడుగుతుంది. ‘మార్చినా పనిచేయట్లేదు’ అనే ఫిర్యాదు వెనక చాలావరకు ఉండేది ఇదే.

రెండో అడ్డంకి పాత సిమ్. ప్రీపెయిడ్ నంబర్ 90 రోజులకు పైగా వాడకుండా వదిలేస్తే ఆపరేటర్ దాన్ని తీసేసి ఇంకొకరికి ఇవ్వవచ్చు. కోడ్ ఆ నంబర్‌కే వెళ్తుంటే ఈమెయిల్ దారి ఎంచుకోండి. అదీ లేకపోతే ఖాతా రికవరీ ఫారం ఉంది. పాత పాస్‌వర్డ్‌లు, ఈ మధ్య పంపిన మెయిళ్ల విషయాలు, పుట్టిన తేదీ వంటివి అడుగుతుంది. రోజుకు రెండుసార్లు మాత్రమే నింపవచ్చు. ఇంతకుముందు ఆ ఖాతా వాడిన ఫోన్ నుంచి, ఇంట్లోని వైఫై మీదనే నింపండి. కొత్త చోటు నుంచి నింపితే ఒప్పుకునే అవకాశం తగ్గుతుంది. రెండు దశల ధృవీకరణ ఆన్ చేసి ఉంటే మాత్రం ఈ ఫారం పనిచేయదు.

మైక్రోసాఫ్ట్ ఉద్యోగులు కూడా మీ తరఫున పాస్‌వర్డ్ మార్చలేరు. ‘మేం మార్చి ఇస్తాం, ఎనీడెస్క్ (దూరం నుంచి కంప్యూటర్ నడిపే యాప్) ఎక్కించండి, ఓటీపీ చెప్పండి’ అనేవాళ్లు దొంగలే. అప్పటికే డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

లోకల్ ఖాతా అయితే

1. తప్పు పాస్‌వర్డ్ ఒకసారి కొట్టి ఓకే నొక్కండి. కింద ‘రీసెట్ పాస్‌వర్డ్’ వస్తుంది.
2. ఎప్పుడైనా పాస్‌వర్డ్ రీసెట్ డిస్క్ చేసి ఉంటే ఆ పెన్‌డ్రైవ్ ముందే గుచ్చండి. ఎన్నిసార్లు పాస్‌వర్డ్ మార్చినా పాత డిస్కే పనిచేస్తుంది.
3. డిస్క్ లేకపోతే మూడు భద్రతా ప్రశ్నలు వస్తాయి. విండోస్ 10లో 1803 వెర్షన్ నుంచి లోకల్ ఖాతా చేసేటప్పుడు ఇవి అడుగుతున్నారు.
4. మూడూ సరిపోతే కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోనిస్తుంది.

జవాబు తెలుసు, అయినా తప్పంటోంది అంటే స్పెల్లింగ్ దగ్గర చూడండి. ‘పుట్టిన ఊరు ఏది’ అనేది ఆ ప్రశ్నల్లో ఒకటి. మన ఊరి పేరు ఇంగ్లిష్‌లో ఎన్ని రకాలుగా రాస్తామో లెక్కే లేదు. హన్మకొండ, హనంకొండ, 2021లో జిల్లా పేరు మారినప్పటి నుంచి హనుమకొండ. కాజీపేట చివర ‘ఏ’ పెట్టేవారున్నారు, పెట్టనివారున్నారు. వరంగల్ అన్నారా, ఓరుగల్లు అన్నారా? కాగితం మీద అన్ని రూపాలూ రాసుకుని ఒక్కొక్కటీ కొట్టి చూడండి. ‘అందరికంటే పెద్ద కజిన్ పేరు’ అనే ప్రశ్న ఇంకా తికమక. ఆ ఖాతా చేసినవాళ్లు పెద్దనాన్న కొడుకును అనుకున్నారా, మేనమామ కొడుకును అనుకున్నారా? ఖాతా చేసినప్పుడు కంప్యూటర్ ముందు ఎవరు కూర్చున్నారో వాళ్లనే అడగండి. షాపులో చేయించి ఉంటే ప్రశ్నలకు జవాబులన్నీ ఒకే పదంగా, షాపు పేరుగానో కంపెనీ పేరుగానో పెట్టి ఉండవచ్చు.

అదే కంప్యూటర్‌లో ఇంట్లో ఇంకొకరికి అడ్మిన్ ఖాతా ఉంటే పని ఇంకా సులువు. వాళ్ల ఖాతాలోకి వెళ్లి కంట్రోల్ ప్యానెల్, యూజర్ అకౌంట్స్, ‘మేనేజ్ అనదర్ అకౌంట్’ దగ్గర మీ ఖాతా ఎంచుకుని పాస్‌వర్డ్ మార్చవచ్చు. ఒక నష్టం ఉంది. ఇలా బయటి నుంచి మార్చితే బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు, విండోస్‌లోని ఈఎఫ్ఎస్ పద్ధతిలో ఎన్‌క్రిప్ట్ చేసిన (తాళం వేసి దాచిన) ఫైళ్లు, విండోస్‌లో ఎక్కించిన డిజిటల్ సర్టిఫికెట్లు మళ్లీ తెరుచుకోవు. విండోస్ కూడా ఆ హెచ్చరిక చూపిస్తుంది. మామూలు ఫోటోలకు, వర్డ్ ఫైళ్లకు ఏమీ కాదు.

ఈ మధ్యనే పాస్‌వర్డ్ మార్చి కొత్తది మరిచిపోయి, పాతది గుర్తుందా? సిస్టం రిస్టోర్, అంటే విండోస్‌ను పాత తేదీ నాటి స్థితికి తిప్పడం, పనికొస్తుంది. లాగిన్ స్క్రీన్‌లో పవర్ గుర్తు నొక్కి, షిఫ్ట్ పట్టుకుని ‘రీస్టార్ట్’ నొక్కండి. నీలి తెరలో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, సిస్టం రిస్టోర్. పాస్‌వర్డ్ మార్చక ముందటి తేదీ ఎంచుకోండి. మీ ఫైళ్లు కదలవు, ఆ తేదీ తర్వాత ఎక్కించిన సాఫ్ట్‌వేర్లు పోతాయి. కొన్ని వెర్షన్లలో ఇక్కడ కూడా అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది. రిస్టోర్ పాయింట్ ఒక్కటీ లేకపోయినా, పాస్‌వర్డ్ అడిగినా ఈ దారి వదిలేయండి.

లోపలికి వెళ్తున్నారు, అధికారం మాత్రం లేదు

సాఫ్ట్‌వేర్ ఎక్కించేటప్పుడు వచ్చే అనుమతి పెట్టెను ఓపికగా చదవండి. సమాధానం అందులోనే ఉంది.

ఆ పెట్టెలో ఏదో ఖాతా పేరు రాసి దాని కింద పాస్‌వర్డ్ అడుగుతుంటే, ఆ పేరే మీ కంప్యూటర్‌లోని అసలు అడ్మిన్. ‘అడ్మిన్’, ‘యూజర్’, ‘పీసీ’ లాంటి పేరైతే అది అమ్మినవాళ్లో రిపేరు చేసినవాళ్లో చేసిన ఖాతా అయ్యుంటుంది. బిల్లు మీదున్న నంబర్‌కు ఫోన్ చేసి పాస్‌వర్డ్ అడగండి. ఇది మీ హక్కు, మొహమాటపడకండి. పాస్‌వర్డ్ లేకుండా ఖాళీగా వదిలిన సందర్భాలు కూడా ఉంటాయి. ఖాళీగానే ఎంటర్ కొట్టి చూడండి.

పేరేమీ లేకుండా, ‘యెస్’ బూడిద రంగులో ఉండి, ‘నో’ మాత్రమే నొక్కగలిగితే ఆ కంప్యూటర్‌లో పనిచేసే అడ్మిన్ ఖాతా ఒక్కటీ మిగల్లేదని అర్థం. ఎవరో ఖాతా రకం మార్చి ఉంటారు, లేదా ఉన్న ఒక్క అడ్మిన్ ఖాతాను ఆపేసి ఉంటారు. దీనికి దారి సేఫ్ మోడ్, అంటే విండోస్‌ను అత్యవసరమైన భాగాలతో మాత్రమే తెరవడం. విండోస్‌తో పాటే ‘అడ్మినిస్ట్రేటర్’ అనే ఖాతా ఒకటి పుడుతుంది, మామూలుగా నిద్రలో ఉంటుంది. వేరే అడ్మిన్ ఎవరూ లేనప్పుడు సేఫ్ మోడ్‌లో అది లేస్తుంది.

1. బిట్‌లాకర్ (డ్రైవ్‌లోని ఫైళ్లకు విండోస్ వేసే తాళం) కీ ముందు దగ్గర పెట్టుకోండి (తర్వాతి భాగం చూడండి). సేఫ్ మోడ్‌కు వెళ్లేటప్పుడు అడగవచ్చు.
2. షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కండి. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్.
3. జాబితా వచ్చాక 4 నొక్కండి. నెట్ కూడా కావాలంటే 5.
4. లాగిన్ స్క్రీన్‌లో ‘అడ్మినిస్ట్రేటర్’ కనిపిస్తే ఎంచుకోండి. ఎవరూ మార్చకపోతే దానికి పాస్‌వర్డ్ ఉండదు.
5. విండోస్ కీతో పాటు ఆర్ నొక్కండి. వచ్చిన చిన్న పెట్టెలో ఇంగ్లిష్‌లో ఎన్, ఈ, టీ, పీ, ఎల్, డబ్ల్యూ, ఐ, జెడ్ అనే ఎనిమిది అక్షరాలు ఖాళీ లేకుండా కొట్టి ఎంటర్ నొక్కండి.
6. ఖాతాల జాబితాలో మీ పేరు ఎంచుకుని ప్రాపర్టీస్, ‘గ్రూప్ మెంబర్‌షిప్’, అక్కడ ‘అడ్మినిస్ట్రేటర్’, ఓకే.
7. మామూలుగా రీస్టార్ట్ చేసి మీ ఖాతాలోకి వెళ్లండి.

సేఫ్ మోడ్‌లో మీ సొంత ఖాతాతో వెళ్లాల్సి వస్తే పిన్ పనిచేయకపోవచ్చు, పాస్‌వర్డ్ తెలిసి ఉండాలి. ‘అడ్మినిస్ట్రేటర్’ కనిపించలేదంటే ఎక్కడో ఇంకో అడ్మిన్ ఖాతా బతికే ఉందన్నమాట. అప్పుడు పైన చెప్పిన సిస్టం రిస్టోర్‌తో ఖాతా రకం మారక ముందటి తేదీకి వెళ్లి చూడండి. వీడియోల్లో ‘లోకల్ యూజర్స్ అండ్ గ్రూప్స్’ తెరవమంటారు. విండోస్ హోమ్ ఎడిషన్‌లో అది లేదు, మీ తప్పేం లేదు.

బిట్‌లాకర్: ఇక్కడే ఫైళ్లు పోయేది

పాస్‌వర్డ్ మరిచిపోతే ఫైళ్లు పోవు. బిట్‌లాకర్ కీ పోతే పోతాయి. మొదట్లో చెప్పిన ఆ ఒక్క సందర్భం ఇదే. హార్డ్‌డిస్క్ తీసి వేరే కంప్యూటర్‌కు తగిలించినా లోపల ఏమీ చదవలేం.

ఎన్‌క్రిప్షన్, అంటే ఈ తాళం, ఉందో లేదో ఎలా తెలుస్తుంది? లోపలికి వెళ్లగలిగితే ‘దిస్ పీసీ’లో సీ డ్రైవ్ బొమ్మ మీద చిన్న తాళం కప్ప ఉంటుంది. వెళ్లలేకపోతే రికవరీ తెరలో కీ అడుగుతుంది. విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్‌ను కొత్తగా ఎక్కించి మైక్రోసాఫ్ట్ ఖాతాతో వెళ్తే డ్రైవ్ తనంతట తానే ఎన్‌క్రిప్ట్ అయిపోతుంది. మీరు ఎప్పుడూ ఆన్ చేయలేదు కదా అనుకోవద్దు.

కీ అంటే 48 అంకెలు, ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది గుంపులు. ఫోన్‌లో ఏకేఏ డాట్ ఎంఎస్ స్లాష్ మైరికవరీకీ అనే చిరునామా ఇంగ్లిష్‌లో కొట్టి, మీ మైక్రోసాఫ్ట్ ఖాతాతో వెళ్తే కనిపిస్తుంది. రెండు మూడు కీలు ఉంటే, నీలి తెర మీద చూపించే కీ ఐడీ మొదటి ఎనిమిది అక్షరాలతో సరిపోయేదే మీది. అంకెలు ఫోన్ కెమెరాతో ఫోటో తీసుకుని చూస్తూ కొట్టండి, చెప్పించుకుంటూ కొడితే తప్పులు పడతాయి.

మీ ఖాతాలో కీ లేదా? కంప్యూటర్ కొన్న రోజు ఎవరి ఈమెయిల్‌తో మొదటిసారి తెరిచారో అడగండి. షాపులో కుర్రాడు తొందరలో తన ఈమెయిల్ కొట్టి ఉంటే మీ కీ అతని ఖాతాలో కూర్చుని ఉంటుంది. పిల్లల ఈమెయిల్‌తో తెరిచి ఉంటే వాళ్ల ఖాతాలో. ఇంట్లో వాళ్లందరి ఖాతాలూ తెరిచి చూడకుండా ‘కీ పోయింది’ అని నిర్ణయానికి రాకండి.

ఫైళ్లు బయటికి తీయడం

కింద చెప్పే రీసెట్‌కు ముందు ఇది తప్పనిసరి. సీ డ్రైవ్‌కు ఎన్‌క్రిప్షన్ లేకపోతేనే ఈ పద్ధతి సాఫీగా నడుస్తుంది.

1. వేరే కంప్యూటర్‌లో లినక్స్ మింట్ లేదా ఉబుంటు (విండోస్ బదులు పెన్‌డ్రైవ్ నుంచే నడిచే ఉచిత లినక్స్ సిస్టంలు) డౌన్‌లోడ్ చేసి, రూఫస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పెన్‌డ్రైవ్ మీదికి ఎక్కించండి.
2. మీ కంప్యూటర్ లాగిన్ స్క్రీన్‌లో షిఫ్ట్ పట్టుకుని ‘షట్‌డౌన్’ నొక్కండి. షిఫ్ట్ లేకుండా ఆపితే విండోస్ సగం నిద్రలో ఉంటుంది, లినక్స్ ఆ డ్రైవ్‌ను తెరవనంటుంది లేదా చదవడానికి మాత్రమే ఇస్తుంది.
3. పెన్‌డ్రైవ్ గుచ్చి ఆన్ చేస్తూనే బూట్ మెనూ మీట పదే పదే నొక్కండి. డెల్, లెనోవో ఎఫ్12. హెచ్‌పీ ఎఫ్9. అసూస్ ల్యాప్‌టాప్ ఎస్కేప్. ఎంఎస్ఐ ఎఫ్11. ఏసర్‌లో ఎఫ్12, ముందు ఎఫ్2తో బయాస్‌లోకి వెళ్లి దాన్ని ఆన్ చేయాల్సి రావచ్చు.
4. ‘ట్రై’ అనే దారినే ఎంచుకోండి. ‘ఇన్‌స్టాల్’ నొక్కకండి, అది విండోస్‌ను చెరిపేయవచ్చు.
5. ఫైల్ మేనేజర్‌లో విండోస్ డ్రైవ్ తెరిచి, యూజర్స్ ఫోల్డర్‌లో మీ పేరు మొత్తం ఎక్స్‌టర్నల్ డిస్క్‌కు కాపీ చేయండి.

డెస్క్‌టాప్ ఖాళీగా కనిపిస్తే భయపడకండి, వన్‌డ్రైవ్ ఫోల్డర్ లోపల ఇంకో డెస్క్‌టాప్ ఉంటుంది, అందులో చూడండి. క్లౌడ్‌లో మాత్రమే ఉన్న ఫైళ్లు డిస్క్ మీద ఉండవు, వన్‌డ్రైవ్ సైట్ నుంచి దించుకోవాలి. ట్యాలీ వాడే ఇళ్లలో యూజర్స్ కింద ‘పబ్లిక్’ ఫోల్డర్ మరవకండి. డీటీపీ పని చేసేవాళ్లు అను ఫాంట్లు విండోస్ ఫోల్డర్‌లోని ఫాంట్స్ నుంచి కాపీ చేసుకోవాలి. లేకపోతే పాత పెళ్లిపత్రికల పేజ్‌మేకర్ ఫైళ్లు తెరిచినా అక్షరాలు గీతలుగా కనిపిస్తాయి.

కాపీ అయ్యాక ఆ డిస్క్‌ను వేరే కంప్యూటర్‌కు పెట్టి కనీసం పది ఫైళ్లు తెరిచి చూడండి. ఫోల్డర్ పేరు కనిపించినంత మాత్రాన లోపలి ఫైలు వచ్చినట్టు కాదు.

లినక్స్‌లో డిస్కే కనిపించకపోతే, ఇంటెల్ 11వ తరం, ఆ తర్వాతి ల్యాప్‌టాప్‌లలో వీఎండీ అనే బయాస్ అమరిక కారణం కావచ్చు. విండోస్ కొత్తగా ఎక్కించేటప్పుడు ‘డ్రైవ్‌లు ఏవీ లేవు’ అని వచ్చేదీ ఇందుకే. విండోస్ ఎక్కించేటప్పుడైతే తయారీదారు సైట్ నుంచి ఇంటెల్ రాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ పెన్‌డ్రైవ్‌లో పెట్టి ‘లోడ్ డ్రైవర్’ దగ్గర చూపించాలి. బయాస్‌లో వీఎండీ ఆపేస్తే ఇప్పుడున్న విండోస్ లేవదు. కాపీ కోసం కాసేపు ఆపితే పని కాగానే మళ్లీ ఆన్ చేయండి.

ఏదీ పనిచేయకపోతే: రీసెట్

షిఫ్ట్ రీస్టార్ట్, ట్రబుల్‌షూట్, ‘రీసెట్ దిస్ పీసీ’. ఇక్కడ రెండు దారులు. ‘కీప్ మై ఫైల్స్’ పేరు చూసి అందరూ దాన్నే నొక్కుతారు. కానీ అది ఫైళ్లతో పాటు ఖాతాలనూ, వాటి పాస్‌వర్డ్‌లనూ అలాగే ఉంచుతుంది. గంట గడిచాక మళ్లీ అదే పాస్‌వర్డ్ అడుగుతుంది. మరిచిపోయిన పాస్‌వర్డ్‌కు ‘రిమూవ్ ఎవ్రీథింగ్’ ఒక్కటే దారి.

ఆ తర్వాతి ప్రశ్న ప్రాణం లాంటిది. ‘విండోస్ ఉన్న డ్రైవ్ మాత్రమే’ ఎంచుకోండి. ‘అన్ని డ్రైవ్‌లు’ నొక్కితే డీ డ్రైవ్‌లో దాచినవి కూడా పోతాయి. ‘జస్ట్ రిమూవ్ మై ఫైల్స్’ చాలు. పూర్తిగా శుభ్రం చేసే రెండోది కంప్యూటర్ అమ్మేటప్పుడు వాడేది, గంటలు పడుతుంది. విండోస్ లైసెన్స్ మదర్‌బోర్డుకు కట్టి ఉంటుంది కాబట్టి అదే ఎడిషన్ ఎక్కిస్తే మళ్లీ కొనక్కర్లేదు.

విండోస్ 10 ఉన్నవాళ్లు ఒకటి చూసుకోండి. 2025 అక్టోబర్ 14తో దానికి మామూలు మద్దతు ముగిసింది. ఎలాగూ అంతా కొత్తగా ఎక్కిస్తున్నారు కాబట్టి, మెషీన్ ఒప్పుకుంటే విండోస్ 11 ఎక్కించడం మంచిది.

వీటి జోలికి పోకండి

లాగిన్ తెర మీది ఒక సిస్టం ఫైలు పేరు మార్చి కమాండ్ ప్రాంప్ట్ తెప్పించే వీడియోలు చాలా ఉన్నాయి. ఇప్పుడు విండోస్‌లోని డిఫెండర్ యాంటీవైరస్ దాన్ని దాడిగా గుర్తించి ఆపుతుంది, బిట్‌లాకర్ ఉన్న డ్రైవ్‌లో కుదరదు. కుదిరినా మార్చిన ఫైలును తిరిగి పెట్టడం మరిచిపోతే ఎవరైనా పాస్‌వర్డ్ లేకుండా లోపలికి రాగల తలుపు తెరిచి పెట్టినట్టు. పాస్‌వర్డ్ తీసేసే పైరేటెడ్ సాఫ్ట్‌వేర్లు అంతకంటే ప్రమాదం.

విండోస్ రాకముందే నల్ల తెర మీద పాస్‌వర్డ్ అడిగితే అది బయాస్‌ది. డెస్క్‌టాప్‌లో సీఆర్2032 బ్యాటరీ కాసేపు తీస్తే పోవచ్చు. ఈ మధ్య ల్యాప్‌టాప్‌లలో చాలావరకు అలా పోదు, బిల్లు పట్టుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌కు వెళ్లాలి. బయాస్ అమరికలు చెరిగితే బిట్‌లాకర్ కీ అడుగుతుందని గుర్తుంచుకోండి.

సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొని, కొత్తగా ఎక్కించాక ఏదో కంపెనీ పేరు చూపించి వాళ్ల ఈమెయిల్ అడుగుతుంటే అది ఆ సంస్థ నిర్వహణలో ఉన్న యంత్రం. ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టినా నెట్ తగలగానే తిరిగి వస్తుంది. అమ్మినవాళ్లకు తిరిగి ఇచ్చేయండి.

పని అయ్యిందో లేదో చూసి, రెండో తాళంచెవి చేయండి

1. కంట్రోల్ ప్యానెల్‌లో యూజర్ అకౌంట్స్ తెరవండి. మీ పేరు కింద ‘అడ్మినిస్ట్రేటర్’ అని ఉండాలి.
2. స్టార్ట్ బటన్ మీద కుడి క్లిక్ చేసి అడ్మిన్ అని రాసి ఉన్న టెర్మినల్ (విండోస్ 10లో పవర్‌షెల్) తెరవండి. పాస్‌వర్డ్ అడగకుండా ‘యెస్’ నొక్కనిస్తే అధికారం వచ్చినట్టే.
3. సెట్టింగ్స్, అకౌంట్స్, అదర్ యూజర్స్ దగ్గర ఇంకో లోకల్ ఖాతా చేసి దాన్ని అడ్మినిస్ట్రేటర్‌గా మార్చండి. రోజూ దాన్ని వాడకండి. పిల్లల ఖాతాలు స్టాండర్డ్‌గానే ఉండనివ్వండి.
4. లోకల్ ఖాతాకు రీసెట్ డిస్క్ చేయండి. కంట్రోల్ ప్యానెల్ యూజర్ అకౌంట్స్‌లో ఎడమ పక్కన ఆ లింకు ఉంటుంది, పెన్‌డ్రైవ్ గుచ్చి ఉంచాలి.
5. మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఇప్పుడు వాడుతున్న నంబర్, ఇంకో ఈమెయిల్ చేర్చండి. పాత వివరాలన్నీ ఒకేసారి మార్చితే 30 రోజులు ఆగమంటుంది, అందుకే ఇవ్వాళే మొదలుపెట్టండి.
6. బిట్‌లాకర్ కీ, రెండో ఖాతా పాస్‌వర్డ్, భద్రతా ప్రశ్నల జవాబులు సరిగ్గా కొట్టిన స్పెల్లింగ్‌తో కాగితం మీద రాసి బీరువాలో పట్టాదారు పాసుపుస్తకం పక్కన పెట్టండి. కంప్యూటర్ డెస్క్‌టాప్ మీద పెడితే దాని అవసరం పడ్డ రోజు దాన్ని చూడలేరు.
7. చివరగా రీస్టార్ట్ చేసి, ఆ కాగితం చూస్తూ రెండో ఖాతాతో ఒకసారి లోపలికి వెళ్లి రండి. అప్పుడే కాగితం మీద రాసింది సరైనదో కాదో తేలుతుంది.